పెండ్లి బండిలో గూన

ఈ ఎండాకాలం మొదటి రాళ్లవాన పడ్డ సాయంత్రం నేను ఫోను పక్కనే కూర్చున్నాను. వాన వెలిసింది. ఫోను మోగలేదు. మోగదని తెలుసు. అక్క పోయి అప్పటికి నెల దాటింది.

మా ఇద్దరి మధ్య చాలా ఏండ్లుగా ఒక అలవాటు ఉండేది. సిద్దిపేటలో రాళ్లు పడితే నారాయణరావుపేట నుంచి అక్క ఫోను చేసేది. అక్కడ పడితే నేను చేసేదాన్ని. మాటలు ఎప్పుడూ అవే. పడ్డయా? పడ్డయి. ఎంతెంత? రేగుపండ్లంత. ఏమన్న పలిగినయా? ఏమీ పగలలేదని చెప్తే సరే అని పెట్టేసేది. నా ఆరోగ్యం గురించి, మనవల చదువుల గురించి అడిగేది కాదు. ఇల్లు బాగుంటే మనిషి బాగున్నట్టేనని ఆమె లెక్క.

ఆ సాయంత్రం కాలనీ గ్రూపులో మెసేజీలు వస్తూనే ఉన్నాయి. ఒకరి కారు అద్దం పోయింది. ఒకరి సోలార్ హీటర్ గొట్టాలు పగిలాయి. ఒకరి నీళ్ల ట్యాంకు మూత గాలికి పోయి ఎవరి మిద్దె మీద పడిందో తెలియదు. పక్క గల్లీలో మిద్దె మీద రేకుల గది కిరాయికిచ్చిన ఒకాయన, రేకులు పగిలాయి, బాగు చేయించాల్సింది ఓనరా, ఉండేవాళ్లా అని అడిగాడు. దానికి చాలా జవాబులు వచ్చాయి. అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో చూడమన్నారు. కారుకైతే బీమా ఉంటుంది, ఇంటికి మన దగ్గర ఎవరు చేయిస్తారు అన్నారు. నేను చదువుతూ పోయాను.

రాళ్లవాన పడ్డాక ముందు ఎవరి కప్పు చూడాలన్న ప్రశ్న మా ఇంట్లో ఒకసారి వచ్చింది. దానికి జవాబు చెప్పిన మనిషి మా అక్క. అందుకని ఇది రాస్తున్నాను.

మా వైపు ఎండాకాలం ఉత్త ఎండగా రాదు. మామిడి పిందె గట్టిపడే రోజుల్లో, యాసంగి వరి గింజ పట్టే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది. పెండ్లిళ్లు కూడా ఆ రోజుల్లోనే. పెండ్లి పత్రికలు పంచంగనే మబ్బుకు తెలుస్తది అనేది మా పెద్దమ్మ. వడగండ్లను ముత్యాలతో పోల్చిన కవిత్వం తర్వాత చాలా చదివాను. అట్లా పోల్చినవాళ్లు గూన ఇంట్లో ఉండి ఉండరు.

గూన అంటే కుమ్మరి చక్రం మీద గొట్టంలా చేసి, నిలువునా రెండుగా కోసి కాల్చిన పెంకు. ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఇంకో వరుస బోర్లా పెట్టుకుంటూ పోతారు. సున్నం ఉండదు, మేకు ఉండదు. పెంకు బరువే పెంకును పట్టుకొని ఉంటుంది. కోతి దూకితే పగులుతుంది. రాళ్లవాన పడితే ఇల్లు మొత్తం పగులుతుంది. కానీ ఒకటి పగిలితే ఒకటే మార్చుకోవచ్చు. అందుకే మా వీధిలో ప్రతి ఇంటి వెనకా గోడకు ఆనించి గూన కుప్ప ఉండేది. ఆ కుప్పలో తేళ్లుంటాయని మమ్మల్ని దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు. మేము పోయేవాళ్లం.

ఇప్పుడు స్లాబు కింద ఉన్నవాళ్లు రాళ్లు పడితే చూడటానికి బయటికొస్తారు. అప్పుడు మేము దూలం కిందికి పోయేవాళ్లం. పెంకు పగిలి పడినా దూలం కింద నిలబడ్డ మనిషి నెత్తి మీద పడదు. మాకు నడక వచ్చిన కొద్ది రోజులకే ఇది నేర్పారు.

ఇంట్లో మాట పెద్దమ్మది. ఆమె మా నాయినకు వదిన. పెద్దనాయిన నేను పుట్టకముందే పోయాడు. నాయిన ఇనుప సామాను దుకాణం నడిపేవాడు. పారలు, గొలుసులు, నాగటి కర్రులు, మేకులు, ఇంటి మీదికి రేకులు. అమ్మ వంట చూసేది. మిగిలిన లోకం పెద్దమ్మ చూసేది. వెనక రెండు అర్రలు, అంటే గదులు, కిరాయికిచ్చేవాళ్లం. దానికి తాత పెట్టిన ఒక నియమం ఉండేది: వాన వెలిసినంక ముందు కిరాయి అర్రల కప్పు, తర్వాతే మన కప్పు. వాళ్ల నెత్తి మీద పడ్డ నీళ్లు మనం చేత్తో పోసినట్టే అనేవాడట తాత. తాతను నేను చూడలేదు. ఆ మాట మాత్రం పెద్దమ్మ నోట చాలాసార్లు విన్నాను.

అక్క పెండ్లి మా ఇంట్లోనే. ముందరి పెద్ద అర్రలో మగపెండ్లివారిని కూర్చోబెట్టాలి, వాకిట్లో పందిరి వేయాలి. పెండ్లికొడుకుది నారాయణరావుపేట, వ్యవసాయం. పసుపు దంచడం అప్పటికే అయిపోయింది. పసుపు ముట్టిన పిల్ల గడప దాటవద్దని, అక్కను ఇంట్లో కట్టేసినట్టే ఉంచారు.

అదే సమయంలో వెనక అర్రల్లో పురుడు. అక్కడ ఉండేది కరెంటు లైన్‌మెన్, అతని భార్య. ఆమెకు తల్లి లేదు. అందుకని కాన్పుకు ఎక్కడికీ పోలేదు. ఒకే ప్రహరీ లోపల పెండ్లి పసుపు, పురుటి మైల కలవకూడదు కనుక పెద్దమ్మ వాకిలికి అడ్డంగా ముగ్గుపిండితో ఒక గీత గీసింది. ఈ పక్క పెండ్లి, ఆ పక్క పురుడు. నేనూ పక్కింటి పిల్లలూ ఆ గీత మీద ఇటూ అటూ దూకి, ఇప్పుడు మాకేం అంటుకున్నదే పెద్దమ్మా అని అడిగేవాళ్లం. "నా చెయ్యి అంటుకుంటది" అనేది ఆమె.

రాళ్లవాన పడ్డ రోజు సకినాలు చేస్తున్నారు. ముందరి అర్ర నిండా నాయిన తెల్ల ధోవతులు పరిచి, వీధిలోని ఆడవాళ్లంతా వరుసగా కూర్చుని వేళ్లతో పిండిని చుట్లు చుట్లుగా తిప్పుతున్నారు. తడి బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిసిన వాసన. నాకు నూనెలో కాలిన సకినం కంటే పచ్చి పిండే ఇష్టం. ధోవతి అంచున ఉన్నవి దొంగిలించి తినేదాన్ని. అక్క చుట్టినవి ఎప్పుడూ వంకరే. గిట్ల చుడితే అత్తగారింట్ల గంజి పోస్తరు అని పక్కింటామె ఎగతాళి చేసింది. "వంకరైతే నూనెకు తెలుస్తదా?" అన్నది అక్క. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఆమె దూరంగా మూలకు కూర్చున్నది. మొగుడు పోయినదాన్ని, పెండ్లి వస్తువులు ముట్టుకోవద్దని ఎవరూ చెప్పకముందే తానే జరిగి కూర్చునేది. పసుపు దంచిన రోకలికి దారం చుట్టి గోడకు నిలబెట్టారు. దానికి అందరికంటే దూరంగా ఉన్నది ఆమే.

గాలి ఆగిపోయింది. అర్రలో చీకటి కమ్మింది. నెత్తి మీద ఒక పెంకు టక్కుమన్నది. అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఇంకొకటి. ఆ తర్వాత మాట వినిపించలేదు. ఆడవాళ్లు ధోవతులు లాగబోయి వదిలేసి దూలం కిందికి జరిగారు. పెంకు ముక్కలు, రాళ్లు, ఎన్నో ఏండ్ల మసి, ఎలుక గూళ్లు అన్నీ సకినాల మీద పడుతున్నాయి. రాళ్లు పడుతుంటే రోకలి వాకిట్లో పడేస్తే ఆగుతాయని మా దగ్గర నమ్మకం. పెద్దమ్మ లేచింది. గోడకున్న రోకలి తీసింది. దర్వాజలోంచి వాకిట్లోకి విసిరింది.

"అక్కా, అది పసుపు రోకలి" అన్నది అమ్మ.

పెద్దమ్మ చేతులకు పసుపు అంటింది. ఆ చేతుల్ని ఆమె చాలాసేపు కొంగుకు తుడుచుకుంటూనే ఉన్నది.

రాళ్లు ఆగాయి, రోకలికో వాటంతట అవో. వెంటనే ఎండ వచ్చింది. వాకిలి తెల్లగా ఉన్నది. తెగిన వేపాకు వాసన, తడిసిన పాత పెంకు వాసన. నేను రాళ్లు ఏరి నోట్లో వేసుకున్నాను. మట్టి రుచి. కొన్ని గిన్నెలో వేసి చక్కెర చల్లుకుని తిన్నాం. లోపల అమ్మ సకినాల దగ్గర కూర్చుని ఏడుస్తున్నది. తల ఎత్తితే కప్పులోంచి ఆకాశం కనిపిస్తున్నది. దాని గురించి ఇంకా ఎవరూ ఏడవలేదు. అది తర్వాతి పని.

మర్నాడు పొద్దున్నే నాయిన దుకాణం తెరిచాడు. మధ్యాహ్నం సంతోషంగా ఇంటికొచ్చాడు. ఊరంతా తన దుకాణం ముందరే ఉన్నదట. తొగుట దాకా ఇదే గోసట. ఒక్క రేకు మిగలలేదట. పెద్దమ్మ మంచినీళ్లు ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"మనకెన్ని ఉంచినవ్?"

నాయిన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ముంగట కనవడుతుంటే లేవని ఎట్ల చెప్పాలె వదినా" అన్నాడు.

మా నాయిన చేసిన పొరపాట్లన్నీ ఇట్లాంటివే. అడిగిన మనిషి ఎదురుగా ఉంటే తన ఇల్లు గుర్తుకొచ్చేది కాదు.

రేకులు మళ్లీ హైదరాబాదు నుంచి రావాలి. ఊళ్లో గూన కప్పేవాళ్లు ఒక్కరు కూడా ఖాళీ లేరు. మా వెనక గోడకున్న కుప్పలో సగం రాళ్లకే పగిలింది. మిగిలినవి ముందరి అర్రకు సరిపోతాయి, లేదా వెనక కిరాయి అర్రలకు సరిపోతాయి. రెండింటికీ కాదు. పడమర మళ్లీ నల్లబడుతున్నది. రాళ్లవాన ఒక్కసారితో పోదని మా దగ్గర అందరికీ తెలుసు.

వెనక అర్రల్లో పరిస్థితి నేను చూశాను. లైన్‌మెన్ ఇంట్లో లేడు. విరిగిన స్తంభాలు లేపడానికి పొద్దున్నే పోయాడు. ఊరికంతా దీపాలు పెట్టే మనిషికి తన ఇల్లు చూసుకోవడానికి వీలు లేదు. తడవకుండా మిగిలిన మూలకు మంచం లాక్కుని, తొట్టెలకు గొడుగు కట్టి, అతని భార్య దాని పక్కన కూర్చున్నది. తొట్టెలలో పిల్ల నిద్రపోతున్నది.

నాయిన ముందరి అర్రే కప్పాలన్నాడు. వచ్చేది మగపెండ్లివారు. వాళ్ల నెత్తి మీద నీళ్లు కారితే ఊళ్లో తలెత్తుకోలేం. వెనకవాళ్లను నాలుగు రోజులు ఎక్కడికైనా పంపుదాం అన్నాడు. పచ్చి బాలింతను ఎక్కడికి పంపుతవన్నది పెద్దమ్మ. మన నడిమింట్లోకి తీసుకుందామంటే పెండ్లి ఇంట్లో పురుడు. అది ఆమే గీసిన గీత. తాత మాట చెప్పబోయింది. "అయ్య ఉన్నప్పుడు ఇంట్ల పెండ్లి లేకుండె వదినా" అన్నాడు నాయిన.

పెద్దమ్మ తాత మాటను అక్కడే వదిలేసింది. ఆమె మొదలుపెట్టిన మాటను వదిలేయడం నేను అదే మొదలు చూడటం. నిన్న రోకలి ముట్టుకున్నప్పటి నుంచి తన మాట మీద తనకే నమ్మకం సడలినట్టున్నది. వీధిలో ఇద్దరు ముగ్గురు అప్పటికే గుసగుసలు మొదలుపెట్టారు. ఇంకేదైనా చెడు జరిగితే ఆ రోకలి దగ్గరికే వస్తుందని ఆమెకు తెలుసు.

అప్పుడు నడిమింట్లోంచి అక్క మాట్లాడింది. పెండ్లి కుదిరిన తర్వాత ఆమె పెద్దల మాటల్లోకి రావడం తగ్గించింది. గొంతు పెంచలేదు కూడా.

"నా పెండ్లికచ్చేటోళ్లు ఒక్క పూట కూసుంటరు. ఆమె ఒక్క పూటకు రాలే గద. ముందుగాల వెనకర్రలే కప్పుండ్రి."

నాయిన కండువా నడుముకు చుట్టి నిచ్చెన ఎక్కాడు. రేకులన్నీ అమ్ముకున్న తప్పు ఆ విధంగా దిద్దుకోవాలనుకున్నాడు. ఆయన మంచి ఒళ్లున్న మనిషి. వెనకర్రల కప్పు మీదికి చేరాలంటే ముందు కట్టెల అర్ర కప్పు దాటాలి. కట్టెల అర్రలో అమ్మ పొయ్యిలోకి పుల్లలు ఏరుతున్నది. పైన ఫెళ్లుమన్నది. మోకాలి దాకా ఒక కాలు ఆమె ముందు వేలాడింది.

"ఎవరిదిది?" అని అడిగింది అమ్మ.

ఇంట్లో అంత కాలు ఒక్కరిదే. ఆయన్ను దించడానికి పక్కింటివాళ్లు రావాల్సి వచ్చింది. వాళ్లు ముందు నవ్వారు, తర్వాత దించారు. గూన మీద సన్నపు మనిషే నడవాలని అందరూ అన్నారు. ఆ సంగతి అందరికీ ముందే తెలుసు.

వాళ్లు మాట్లాడుతుండగానే అక్క గీత దాటి, నిచ్చెన దగ్గరికొచ్చి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటున్నది. పెద్దమ్మ నిచ్చెనకు అడ్డం నిలబడింది. పసుపు ముట్టిన పిల్లవు, గడప దాటినవ్, చాలు. పురుటింటి మీదికి ఎక్కుతవా అన్నది.

"నేను ఆమెను ముట్టుకుంటలేను పెద్దమ్మా. ఇంటిని ముట్టుకుంటున్న" అన్నది అక్క.

పెద్దమ్మ ఆ మాట గురించి ఆలోచించింది. పక్కకు జరిగింది. ఇంకొక సన్నపు మనిషి కావాలి కనుక నేనూ ఎక్కాను.

కప్పు మీదికి పోయేదాకా నాకు తెలియదు, ఆ రోజు సిద్దిపేట సగం కప్పుల మీదే ఉన్నదని. ప్రతి ఇంటి మీదా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. కప్పు మీంచి కప్పు మీదికి పలకరించుకుంటున్నారు. ఎన్ని పోయినయి, ఎంతెంత రాళ్లు, మీ రోకలి ఎవరు పడేసిన్రు. అక్క ఎవరి వైపూ చూడలేదు. దూలం ఎక్కడుందో కాలి వేళ్లతో వెతుక్కుంటూ దాని మీదే నడిచింది. నన్ను తన అడుగులోనే అడుగు పెట్టమన్నది. పగిలినవి తీసి గంపలో వేయడం, మంచివి తట్టి చూడటం. మంచి గూన గంటలా మోగుతుంది, నెర్రె ఉన్నది దగ్గుతుంది. తట్టి వినడం అక్కకు ఎవరు నేర్పారో తెలియదు. ఒక పెంకు కింద తేలు ఉన్నది. నేను అరవబోయేలోపే ముక్కతో దాన్ని అవతలికి చిమ్మింది.

సందులోంచి కింద తొట్టెల, గొడుగు కనిపిస్తున్నాయి. బాలింత తల పైకెత్తి చూసింది. నీ పెండ్లి చేతులు పాడైతయి చెల్లె అన్నది. అత్తగారింట్ల ఎట్లన్న పాడైతయి గదా, రెండు రోజులు ముందుగాల అన్నది అక్క. కిందామె నవ్వు, ఆ నవ్వుకు లేచిన పిల్ల ఏడుపు ఒకేసారి వినిపించాయి.

పని సాగుతుండగా పెండ్లికొడుకు తల్లి వచ్చింది.

బస్సు దిగి, తన మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. ముందరి అర్రలో పెంకులు కుప్పలుగా ఉన్నాయని ఎవరో సందులోంచి ఇంటి వెనక్కి పంపారు. నేరుగా పెరటి బావి దగ్గరికే వచ్చారు. నాయిన, అమ్మ, పెద్దమ్మ ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోయారు. ఆమె చేయి కండ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"ఎవరు పైన?"

పై నుంచి నేనే, "మా అక్క" అన్నాను. అది సరిపోలేదేమో అనిపించి, "పెండ్లిపిల్ల" అన్నాను.

అక్క ఒక చేత్తో కొంగు తల మీదికి లాక్కున్నది. ఇంకో చేతిలో గూన ఉన్నది. దిగు బిడ్డా అన్నాడు నాయిన. అక్క దిగలేదు. నేను పెద్దమ్మ ముఖం చూశాను. రోకలి తన మీదికి రానే వచ్చిందన్నట్టున్నది ఆ ముఖం. పెండ్లి తప్పిపోయే క్షణం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు కానీ, అందరి ముఖాలు చూస్తే ఇదే అనిపించింది.

వచ్చినామె చూస్తున్నది అక్కను కాదు, కప్పును.

"పై పెంకు కిందిదాని మీద నాలుగు వేళ్లు ఎక్కాలె బిడ్డా" అన్నది. "లేకుంటే గాలికి జరుగుతది."

అక్క ఆ పెంకు తీసి మళ్లీ పెట్టింది. ఆమె బావి గట్టు మీద కూర్చున్నది. చల్ల ఇస్తే పక్కన పెట్టింది, తాగలేదు. ఆ అర్రల్లో ఎవరుంటరని అడిగింది. అమ్మ చెప్పింది. పని అయ్యేదాకా ఆమె అట్లాగే తల ఎత్తి కూర్చున్నది. మధ్యలో మరిది పోదామా అన్నట్టు దగ్గితే అతని వైపు చూసింది, అతను దగ్గడం మానేశాడు.

అక్క దిగి, ఒంటి నిండా మసితో ఆమె కాళ్లకు దండం పెట్టి లోపలికి పోయింది. అప్పుడు ఆమె చల్ల తాగి, వచ్చిన పని చెప్పింది. తమ ఊళ్లో ఇంకా పెద్ద రాళ్లు పడ్డాయట. తమ నడిమింటి మీద ఒక్క గూన నిలవలేదట. కోడలిని తీసుకుపోయి ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక, ముహూర్తం వెనక్కి జరుపుదామని అడగడానికి వచ్చారట.

అమ్మ కూలబడింది. పసుపు దంచిన తర్వాత ముహూర్తం జరిపితే ఆ పిల్లను ఊరు ఒక రకంగా చూస్తుంది. పైగా మూఢం వస్తున్నది. మళ్లీ మంచి రోజులు ఎప్పుడో. ఎవరూ మాట్లాడకముందే పెద్దమ్మ ముందుకొచ్చింది.

"రోకలి నేను ముట్టుకున్న. దోషమంటే నాది. పిల్లకు పెట్టకుండ్రి" అన్నది.

"ఏ రోకలి?"

పెద్దమ్మ చెప్పింది. ఆ వచ్చినామె కూడా మొగుడు పోయిన మనిషే. పెద్దమ్మ చేతుల వైపు చూసింది.

"మా ఇంట్ల నేనే పారేసిన. మాది గూడ పసుపుదే. చేతికి దొరికింది ఇసిరేసిన" అన్నది. చల్ల గిన్నె కింద పెట్టి, "రాళ్లు ఆగలే" అన్నది.

పెద్దమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వచ్చినామె లేచి కొంగు సర్దుకుని నాయినతో అన్నది: "అడగనీకి వస్తి, ఇగ అడగ. కప్పేసే పిల్ల కప్పు లేని ఇంటికి రాకుంటే యాడికి పోతది."

ముహూర్తం వెనక్కి జరగలేదు. నాయినకు మళ్లీ రేకులు వచ్చాయి. ఈసారి మొదటి బండి ఇంటికే తోలించాడు. పెద్దమ్మ తానే గల్మలో, వీధి గుమ్మం దగ్గర నిలబడి దించించింది. ముందరి అర్ర మీద మిగిలిన గూన మొత్తం విప్పించి రేకులు వేశారు. విప్పిన గూనలో మంచివి అక్క తట్టి వేరుచేసింది. అవి పెండ్లి సామాన్ల బండెక్కాయి. ఇత్తడి బిందెలు, పరుపు, పెట్టె, వాటి వెనక వరిగడ్డిలో సర్దిన గూన. వాటినీ పెండ్లి సామానే అని అమ్మ మొదటి పెంకుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. బండి వీధి దాటుతుంటే, ఇది పెండ్లి బండా, కుమ్మరి బండా అని అరుగుల మీద కూర్చున్నవాళ్లు అడిగారు. రెండూ అన్నాడు నాయిన.

పెండ్లి రోజు రాళ్లు పడలేదు. కొత్త రేకుల కింద మగపెండ్లివారు పెనం మీద అట్లలా ఉడికిపోయారు. గూన ఉంటే ఇంత ఉడుకుండకపోవు అని ఒక ముసలాయన అన్నాడు. పెండ్లికొడుకు తల్లి ఆయనకు విసనకర్ర ఇచ్చింది. వెనకర్రల్లో పిల్ల తొట్టెల మీద గొడుగు తీసేశారు.

అక్క అత్తగారింట్లో మొదటి పని నడిమిల్లు కప్పడం. అత్తా కోడలూ కలిసి కప్పారు. మా గూన వాళ్ల గూన కంటే నలుపు. ఆ కప్పు మీద ఒక నల్లటి పట్టీ చాలా ఏండ్లు దూరం నుంచి కనిపించేది. తర్వాత ముందు భాగంలో స్లాబు వేశారు. నడిమింటిని మాత్రం అక్క ముట్టుకోనివ్వలేదు. చివరికి కోతులు ఎక్కువై, కప్పేవాళ్లు దొరక్క, ఆమే విసిగి రేకులు వేయించింది. దాని గురించి బాధపడలేదు. ఉడుకుతున్నదని మాత్రం అన్నది.

సిద్దిపేటలో మా ఇల్లు అమ్మేశాం. అక్కడిప్పుడు షాపులున్నాయి. పెద్దమ్మ, అమ్మ, నాయిన అందరూ పోయారు. అక్క అత్తగారు పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది అక్క.

నేను చాలా చదివాను. ధైర్యం గురించి, త్యాగం గురించి ఎంతోమంది రాశారు. ఆ మాటలు అక్కకు తగిలించి చూస్తే ఏదీ కుదరదు. ఆమె గొప్ప పని చేస్తున్నానని అనుకోలేదు. చేయాల్సిన పనుల్లో ఏది ముందో ఆమెకు తెలిసేది, అంతే. అట్లా తెలిసినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

మొన్న చలికాలంలో ఆమె మంచం పట్టినప్పుడు కొన్ని రోజులు దగ్గరున్నాను. మాట్లాడే ఓపిక తక్కువ. ఒక మధ్యాహ్నం కొంచెం తేరుకున్నట్టుంటే, ఇన్నేండ్లు అడగనిది అడిగాను. మీ అత్త బావి కాడ నిలబడి చూస్తుంటే నీకు భయం కాలేదా అక్కా, పెండ్లి తప్పిపోతదని.

"భయమైంది" అన్నది.

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"ఆమె గూడ దిగమంటదేమో అని" అన్నది. "ఇంక రెండు వరుసలు మిగిలినయి."